వాడని కత్తులే మిగిలాయి

ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో చేతి పని కత్తులకు మళ్లీ ఊపు వచ్చిన కథ ఒక పడవ దగ్గర మొదలవుతుందని చెబుతారు. 1930లలో మిషిగన్ రాష్ట్రంలోని ఒక సరస్సు ఒడ్డున ఎవరో ఒకాయన పడవకు పట్టిన పాత రంగును కత్తితో గీకుతున్నాడు. ఎంతసేపు గీకినా దాని పదును పోవడం లేదు. అది విలియం స్కాగెల్ అనే తయారీదారు చేసిన కత్తి. అటుగా వచ్చిన బో రాండల్ దాన్ని చూసి ఉండబట్టలేక కొనేశాడు. తర్వాత ఫ్లోరిడాలోని ఒర్లాండోలో తానే కత్తులు చేయడం మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆయన కత్తులు సైనికుల నడుములకు వేలాడాయి. ఈ రోజు స్కాగెల్ కత్తి ఒకటి బయటపడితే దానితో పడవ గీకే సాహసం ఎవరూ చేయరు. చేతితొడుగులు వేసుకుని పట్టుకుంటారు, సన్నగా మైనం పూస్తారు, గాజు పెట్టెలో పెడతారు. ఏ పని వల్ల ఆ కత్తికి పేరు వచ్చిందో ఆ పనికి అది శాశ్వతంగా దూరమైంది.

పాత కత్తులనూ కొత్త కత్తులనూ పక్కపక్కన పెట్టి తూచే సేకర్తలు సాధారణంగా రెండు పక్షాలుగా చీలిపోతారు. ఆ కాలపు పనితనం ఇప్పుడెక్కడుందని ఒక పక్షం నిట్టూరుస్తుంది. ఇప్పటి ఉక్కు ముందు పాతవి ఏపాటివని రెండో పక్షం కొట్టిపారేస్తుంది. ఇద్దరూ ఒకే చోట తప్పటడుగు వేస్తున్నారు. పాత కత్తులన్నీ ఎలా ఉండేవో మనకు తెలియదు. మిగిలిన పాత కత్తులు ఎలా ఉన్నాయో మాత్రమే తెలుసు. ఏవి మిగులుతాయన్నది వాటి మంచిచెడులను బట్టి తేలే విషయం కాదు.

కత్తి వాడితే అరుగుతుంది. సానరాయి మీద ప్రతిసారీ కొంత ఉక్కు పోతుంది. వేటగాడి నడుముకు ముప్పై ఏళ్లు వేలాడిన కత్తి అలుగు సగానికి సగం సన్నబడి, చివరికి ములుకు విరిగి, ఏ పెట్టెలోనో పడి తుప్పు పట్టి, ఏదో ఒక రోజు చెత్తలోకి పోతుంది. యజమానికి బాగా నచ్చిన కత్తికి పట్టే గతి ఇది. నిగనిగలాడుతూ మిగిలేది వేరే రకం. పదవీ విరమణ రోజున కానుకగా అందుకుని సొరుగులో పెట్టినది, మరీ బరువుగా ఉందని పక్కన పడేసినది, పిడి చేతికి కుదరక ఒరలోంచి తీయనిది, నగిషీ పాడవుతుందని భయపడి దాచినది. అంటే సేకర్తలు ముచ్చటపడే ‘ముట్టని పాత కత్తి’ ఆ తయారీదారు చేసిన వాటిలో తక్కువగా నచ్చిన కత్తి అయ్యే అవకాశం ఉంది. కాలమనే జల్లెడ పట్టిన మాట నిజమే. పైన మిగిలినది గింజో పొట్టో ఆ జల్లెడ చెప్పదు.

దీని వల్ల ఒక తిరకాసు వస్తుంది. ముట్టని పాత కత్తి ముగింపు పనికి మంచి సాక్ష్యం. సానపట్టిన గీతలు ఎంత సూటిగా ఉన్నాయి, పిడి లోహంతో కలిసే చోట సందు ఉందా, రెండు వైపులా వాలు ఒకే ఎత్తులో ఆగిందా అన్నవి దాన్ని చూసి చెప్పవచ్చు. ఉక్కు గురించి మాత్రం అది నోరు విప్పదు. ఆ సంగతి చెప్పగలిగినది అరిగిపోయిన కత్తే. అలుగు పొడవునా సమంగా అరిగితే పదును నిలకడగా నిలిచినట్టు. అంచున చిన్న చిన్న పెచ్చులు ఊడి, వాటిని పూడ్చడానికి లోతుగా సానపట్టిన జాడ కనిపిస్తే ఉక్కు పెళుసుగా ఉన్నట్టు. అంచు ఒక పక్కకు మడతపడి ఉంటే మెత్తగా ఉన్నట్టు. ఒక తయారీదారు పనిని నిజంగా అంచనా వేయాలనుకునే సేకర్త, ఆయన చేసిన మెరుపుల కత్తి ఒకదానితో పాటు, ఎవరికీ అక్కరలేని అరిగిన కత్తిని కూడా ఒకటి చేతిలోకి తీసుకోవాలి. అరిగినదానికి గిరాకీ తక్కువ కాబట్టి ఈ చదువుకు పెద్దగా ఖర్చు కూడా కాదు.

ఈ సమస్యను గుర్తించి, సాక్ష్యాన్ని చెరిపేస్తూనే రుజువు చూపే పద్ధతి ఒకటి ఉంది. అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ 1976లో ఏర్పడింది. ఈ సంఘంలో కమ్మరిగా గుర్తింపు కోరేవారు తమ చేత్తో సాగగొట్టిన కత్తితో ముందు వేలాడుతున్న అంగుళం మందపు తాడును ఒక్క వేటుకు తెగవేయాలి. తర్వాత రెండు అంగుళాల మందం, నాలుగు అంగుళాల వెడల్పు లెక్కన అమ్మే చెక్క దుంగను రెండుసార్లు నరకాలి. ఆపైన అదే అంచుతో చేతి మీది వెంట్రుకలు గొరగగలగాలి. చివరగా అలుగును పట్టుకర్రలో బిగించి తొంభై డిగ్రీలు వంచుతారు. విరిగితే పరీక్ష తప్పినట్టే. నెగ్గిన కత్తి కూడా ఆ వంపుతో ఎందుకూ పనికిరాకుండా పోతుంది. ఆ కమ్మరి సత్తాకు అసలైన రుజువు ఎవరి సేకరణలోకీ చేరదు. చేరేవి దాని అన్నదమ్ములు మాత్రమే.

చేతి పని అంటే ఎవరి చేతి పని?

పాతది అంటే ఒక్క మనిషి మొదటి నుంచి చివరి దాకా చేసినది, కొత్తది అంటే యంత్రం సగం చేసినది అన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. చరిత్ర దీనికి దాదాపు తలకిందులుగా ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ప్రపంచానికి కత్తులు పంపిన ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఒక కత్తి కనీసం ముగ్గురి చేతులు మారేది. సాగగొట్టేవాడు ఒకడు, సానపట్టేవాడు ఇంకొకడు, పిడి బిగించి జతచేసేవాడు మరొకడు. వీళ్లలో చాలామంది ‘లిటిల్ మెస్టర్లు’ అని పిలిపించుకున్న చిన్న స్వతంత్ర పనివాళ్లు. అద్దెకు తీసుకున్న మూలగదిలో కూర్చుని ఎవరు పని ఇస్తే వారికి చేసిపెట్టేవారు. అలుగు మీద మాత్రం వ్యాపార సంస్థ ముద్ర పడేది. జపాన్‌లోని సకాయ్ పట్టణంలో వంటింటి కత్తులకు ఈ పని విభజన ఇప్పటికీ నడుస్తోంది. కొలిమి దగ్గర ఒకరు, సాన దగ్గర ఒకరు, పిడి దగ్గర ఒకరు.

ఒకే మనిషి అన్నీ చేసి తన పేరు చెక్కుకోవడం అన్న ఆదర్శం ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో గట్టిపడింది. 1970లో ఏర్పడిన నైఫ్‌మేకర్స్ గిల్డ్ అనే కత్తి తయారీదారుల సంఘం దానికి ఒక వేదిక ఇచ్చింది. ఆ తరానికి ముఖంగా నిలిచిన బాబ్ లవ్‌లెస్ కథ కూడా ఒక కొరతతోనే మొదలవుతుంది. 1950ల మొదట్లో నౌకా ఉద్యోగిగా ఉన్న ఆయన న్యూయార్క్ దుకాణంలో రాండల్ కత్తి అడిగితే తొమ్మిది నెలలు ఆగాలన్నారట. ఆయన ఆగలేదు. పాత ప్యాకర్డ్ కారు స్ప్రింగును కాల్చి సాగగొట్టి సొంత కత్తి చేసుకున్నాడు. విచిత్రమేమిటంటే అదే లవ్‌లెస్ తర్వాత సమ్మెటను వదిలేశాడు. ఉక్కు పలకను కోసి, అరగదీసి కత్తిగా మలిచే పద్ధతికి ఆయనే పెద్ద దిక్కయ్యాడు. అంటే సేకర్తలు నెత్తిన పెట్టుకునే ‘పాత’ లవ్‌లెస్ కత్తిలో అధిక భాగం కరెంటు సాన చేసిన పనే.

కాబట్టి చెయ్యి తగిలిందా లేదా అన్నది అంత ఉపయోగపడే ప్రశ్న కాదు. ఏ నిర్ణయాలు చేతికి వదిలారు అన్నది ఉపయోగపడుతుంది. ఆకురాయితో అరగదీసే పనివాడు ప్రతి నిమిషం ఒక నిర్ణయం తీసుకుంటాడు, ప్రతి నిమిషం తప్పు చేసే వీలుంది. బెల్టు గ్రైండరు మీద పని వేగం పెరిగింది, తప్పు కూడా వేగంగానే జరుగుతుంది. కంప్యూటర్ చెప్పినట్టు కోసే యంత్రంలో నిర్ణయాలన్నీ ముందే, తెర మీదే అయిపోతాయి. ఆ తర్వాత వందో కత్తి కూడా మొదటి కత్తిలాగే వస్తుంది. ఇలా యంత్రం మీద కోసి, చివరి పని మాత్రం చేత్తో చేసే కత్తులకు సేకర్తలు ‘మిడ్‌టెక్’ అని పేరు పెట్టుకున్నారు. పేరు పెట్టినంత మాత్రాన గీత ఎక్కడ గీయాలో తేలలేదు.

ఒక్కరి చేతి పని అన్న దానికి ఇచ్చే గౌరవం కొంత అతి అని చెప్పక తప్పదు. జీవితమంతా సాన ముందే గడిపిన షెఫీల్డ్ పనివాడికి ఆ ఒక్క పనిలో ఉన్న ఒడుపు, కొలిమి నుంచి తోలు ఒర కుట్టడం దాకా అన్నీ తానే చేసుకునే ఇప్పటి తయారీదారుకు రావడం కష్టం. ఆ ఒడుపుకు వాళ్లు చెల్లించిన మూల్యం కూడా చిన్నది కాదు. సానరాళ్ల దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, పొడి సాన మీద పనిచేసినవాళ్లు నడివయసు చూడకుండానే పోయేవారు. పాతకాలపు పనితనం మళ్లీ రావాలని కోరుకునేటప్పుడు ఆ లెక్కను ఎవరూ ముందు పెట్టరు.

కంటికి కనిపించని పని

కత్తిలో అత్యంత ముఖ్యమైన పని కంటికి కనిపించదు. ఉక్కును ఎంత వేడి చేశారు, ఎంతసేపు ఉంచారు, ఎలా చల్లార్చారు, మళ్లీ ఎంత వేడి చేసి పెళుసుదనం తీశారు అన్న నాలుగు సంగతులే అలుగు తలరాతను రాస్తాయి. పాత కమ్మరికి ఉన్న కొలమానాలు కన్ను, అయస్కాంతం. సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దాటాక ఇనుము అయస్కాంతానికి అంటుకోదు. ఆ పైన మరికొంచెం రంగు తేలగానే నూనెలో ముంచేవాడు. రంగు సరిగా కనిపించాలనే కొలిమి గదిని చీకటిగా ఉంచుకునేవారు. తర్వాత మెరుగుపెట్టిన అలుగును నెమ్మదిగా వేడి చేస్తే ఎండుగడ్డి రంగు, గోధుమ, ఊదా, నీలం వరసగా తేలేవి. ఎక్కడ ఆపాలో అనుభవం చెప్పేది.

ఈ పద్ధతిలో చేయితిరిగినవాడు అద్భుతమైన కత్తి చేయగలడు, చేశాడు కూడా. కానీ మబ్బు పట్టిన రోజు చేసినదీ ఎండ కాసిన రోజు చేసినదీ ఒకేలా రావు. అందుకే ఒకే పాత తయారీదారు కత్తులు రెండింటిలో ఒకటి ఆడించినట్టు కోస్తుంది, రెండోది రోజుకోసారి సాన అడుగుతుంది. ఇప్పటి కొలిమి కరెంటుది. అనుకున్న వేడికి ఒకటి రెండు డిగ్రీల అటూ ఇటూలో నిలబడుతుంది. చల్లార్చిన అలుగును మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచే సౌకర్యం చిన్న కార్ఖానాలకు కూడా అందింది. చేసిన ప్రతి అలుగు గట్టిదనాన్ని కొలిచే యంత్రం బల్ల మీదే ఉంటుంది. పాత వేట కత్తులు రాక్‌వెల్ కొలమానంలో తరచుగా 55 నుంచి 58 మధ్య ఉండేవి. ఇప్పుడు 60 నుంచి 64 దాకా పోవడం మామూలైంది. కొత్త తరంలో అత్యుత్తమ కత్తి పాత అత్యుత్తమ కత్తిని మించిందా అన్నది వాదించుకోవచ్చు. సాధారణ కత్తి మాత్రం పాత సాధారణ కత్తిని నిస్సందేహంగా మించింది.

ఉక్కు కూడా మారింది. షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ 1740లలో మూసలో కరిగించిన ఉక్కుతో అప్పటికి ఊహించని శుభ్రతను తెచ్చాడు. అదే ఊళ్లో హ్యారీ బ్రియర్లీ 1913లో తుప్పు పట్టని ఉక్కును చేశాడు. 1970 ప్రాంతంలో క్రూసిబుల్ సంస్థ పొడి లోహం పద్ధతిని వ్యాపార స్థాయికి తెచ్చింది. ఈ పద్ధతిలో కరిగిన ఉక్కును వాయువుతో తుంపరలుగా చిమ్మి, గడ్డకట్టిన ఆ పొడిని వేడితో, ఒత్తిడితో మళ్లీ దిమ్మెగా చేస్తారు. లోపలి గట్టి రేణువులు చిన్నగా, సమంగా పరుచుకుంటాయి. 2001లో వచ్చిన ఎస్30వీ, 2021లో లోహశాస్త్రవేత్త లారిన్ థామస్ రూపకల్పనతో వచ్చిన మ్యాగ్నాకట్ అనే ఉక్కు రకాలు కత్తుల కోసమే ప్రత్యేకంగా రూపుదిద్దుకున్నవి. అంతకుముందు తరం అంతా బేరింగులకో అచ్చులకో వాహనాల స్ప్రింగులకో చేసిన ఉక్కును అరువు తెచ్చుకుని సర్దుకుంది.

కొత్త ఉక్కుకు ఒక మెలిక ఉంది. వనేడియం ఎక్కువగా ఉన్న రకాల్లోని గట్టి రేణువులు మామూలు సానరాళ్లలోని గరుకు కన్నా గట్టివి. పదును చాలా కాలం నిలుస్తుంది. పోయాక తిరిగి తేవడానికి మాత్రం వజ్రపు పొడి పలక కావాలి. సాదా కర్బన ఉక్కుతో చేసిన పాత కత్తి త్వరగా మొద్దుబారుతుంది, కానీ నాలుగు రుద్దులకు తేరుకుంటుంది. గాజు పెట్టెలో పెట్టే కత్తికి ఈ తేడా ఏ మాత్రం పట్టదు. సేకర్తలు ఉక్కు పేర్లను మంత్రాల్లా జపించడం చూస్తే కొంత నవ్వు వచ్చేది అందుకే.

అంతకన్నా పెద్ద సంగతి అలుగు మందం. కోతలో ఉక్కు రకం కన్నా అంచు వెనుక ఎంత పలచగా ఉందన్నదే ఎక్కువ తేడా చూపిస్తుంది. మామూలు పనికి చేసిన పాత కత్తులు చాలా వరకు పలచన. కూర తరిగేవాడు, తోలు వలిచేవాడు రోజూ ఫిర్యాదు చేస్తాడు కాబట్టి ఆ పలచదనం తరాల మీద తేలిన జవాబు. ఇప్పటి కత్తుల్లో అయిదు, ఆరు మిల్లీమీటర్ల పలకతో చేసి, అంచు దాకా ఆ దిట్టతనాన్ని మోసుకొచ్చేవి ఎన్నో కనిపిస్తాయి. చేతిలో బరువుగా, చూపుకు గంభీరంగా, ఫోటోలో అద్భుతంగా ఉంటాయి. ఉల్లిపాయను కోయవు, చీలుస్తాయి. కొన్నవాడు కోయడు కాబట్టి చేసినవాడికి ఆ సంగతి ఎప్పటికీ చేరదు. పాత తయారీదారుకు వాడకందారు నుంచి అందిన తిట్లు కొత్త తయారీదారుకు అందడం లేదు. ఉక్కులోనూ కొలిమిలోనూ కొత్తతరం సాధించిన మెరుగులో కొంత భాగం ఇలా చేజారుతోంది. భూతద్దం కన్నా ముందు సేకర్త కొనుక్కోవలసిన పనిముట్టు మందం కొలిచే క్యాలిపర్.

రెండు చోట్ల మాత్రం కొత్తదే పైచేయి, వాదన అక్కరలేదు. ఒకటి మడత కత్తి. 1980ల మొదట్లో మైకేల్ వాకర్ తెచ్చిన లైనర్ తాళం (పిడి లోపలి పలుచని లోహపు పట్టీ తెరిచిన అలుగును పట్టి ఉంచేది), ఆ తర్వాత క్రిస్ రీవ్ తన సెబెంజా అనే మడత కత్తిలో పిడి పలకనే తాళంగా మలిచిన తీరు, టైటానియం, బంతి బేరింగులు అన్నీ కలిసి మడత కత్తిని వేరే వస్తువుగా మార్చేశాయి. స్ప్రింగు ఒత్తిడితో ‘టక్’మని మూసుకునే పాత జేబుకత్తి శబ్దంలో ఒక ఆనందం ఉంది. ఆ శబ్దం కోసం కొనేవారిది తప్పు కాదు.

రెండోది డమాస్కస్ చారలు. ఈ పేరు కింద రెండు వేర్వేరు వస్తువులు తిరుగుతున్నాయి. ఒకటి దక్షిణ భారతంలో మూసల్లో కరిగించి చేసి పశ్చిమాసియా దాకా పంపిన ఉక్కు. యూరప్‌వాళ్లు దాన్ని ‘వూట్జ్’ అన్నారు. ఆ మాట మన ‘ఉక్కు’ నుంచే వచ్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఆ విద్య పంతొమ్మిదో శతాబ్దానికి దాదాపు అంతరించింది. 1990లలో లోహశాస్త్రవేత్త వెర్హోవెన్, కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి చేసిన ప్రయోగాల్లో, ముడిఖనిజంలో అతి కొద్దిగా ఉన్న వనేడియం వంటి మూలకాలే ఆ నీటి అలల చారలకు కారణమని తేలింది. రెండో రకం వేర్వేరు ఉక్కు పొరలను కాల్చి అతికించి, మడిచి, మెలితిప్పి చేసేది. అమెరికాలో దీన్ని 1973 గిల్డ్ ప్రదర్శనలో కమ్మరి బిల్ మోరాన్ మళ్లీ జనం ముందుకు తెచ్చాడు. ఆనాటి మోరాన్ కత్తి చరిత్రగా అమూల్యం. చారల నైపుణ్యంలో మాత్రం ఇప్పటి మంచి కమ్మరులు దాన్ని ఎప్పుడో దాటేశారు. చారిత్రక విలువనూ పనితనపు విలువనూ ఒకే తక్కెడలో వేయకూడదనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

వయసును చదవడం

పాత కత్తిని కొనేవాడు నిజానికి ఒక సాక్ష్యాన్ని కొంటున్నాడు కాబట్టి, అది చెదరకుండా ఉందా అన్నదే మొదటి పరిశీలన. అమెరికాకు వెళ్లిన ఇంగ్లిష్ కత్తి మీద ‘ఇంగ్లండ్’ అన్న ముద్ర ఉంటే, అది చాలా వరకు 1890 నాటి మెకిన్లీ సుంకం చట్టం తర్వాతది. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని ఆ చట్టం చెప్పింది. ‘స్టెయిన్‌లెస్’ అన్న మాట ఉంటే 1913 ముందుది కానే కాదు. లవ్‌లెస్ కత్తి మీద ఆయన తొలినాళ్ల డెలవేర్ మెయిడ్ ముద్ర ఉందా, లాన్‌డేల్ ఊరి పేరు ఉందా, రివర్‌సైడ్ ఉందా అన్నదాన్ని బట్టి దశ తెలుస్తుంది. రాండల్ కత్తికి అలుగు కన్నా ఒర ఎక్కువ కబుర్లు చెబుతుంది. తొలినాళ్లలో హైజర్ చేసిన ఒరకూ తర్వాత జాన్సన్ చేసిన ఒరకూ తేడా తెలియనివాడు కాలాన్ని తప్పు చదువుతాడు. కత్తి ఒకటి, ఒర మరొకటి జతచేసి అమ్మేవారికి ఈ సంగతి ఇంకా బాగా తెలుసు.

పాత కత్తికి తుప్పు కన్నా పెద్ద శత్రువు పాలిష్ చక్రం. తుప్పు మచ్చ ఎక్కడుందో కనిపిస్తుంది. చక్రం మీద మెరిపించిన కత్తిలో పోయినదేమిటో కనిపించదు. వాలు మొదలయ్యే గీత కరిగినట్టు గుండ్రబడుతుంది, ముద్ర అక్షరాల అంచులు మొద్దుబారుతాయి, పిడి కన్నా లోహం కాస్త లోతుకు దిగుతుంది. జపాన్ ఖడ్గాల లోకం ఈ విషయంలో చాలా ముందుంది. పిడిలోకి దిగే భాగం మీద పట్టిన తుప్పును అక్కడ ఎవరూ ముట్టుకోరు. దాని రంగు, పొర మందమే వయసుకు సాక్ష్యం, చేసినవాడి సంతకం కూడా అక్కడే ఉంటుంది. దాన్ని శుభ్రం చేసిన ఉత్సాహవంతుడు సంతకం ఉన్న పత్రాన్ని ఉతికి ఆరేసినట్టే.

కొత్త కత్తికి ఈ బాధలు తక్కువ. చేసినవాడు బతికే ఉంటాడు, ఫోటోలు ఉంటాయి, ఏ ఉక్కుతో ఎంత వేడిలో చేశాడో రాసిచ్చే కాగితం ఉంటుంది. దాని బాధ వేరే. ఇంకా కాలం దాని మీద చేయి వేయలేదు. అందులోనూ పిడి విషయం పెద్ద సందిగ్ధం.

పాత తయారీదారులు వాడిన పిడి పదార్థాల్లో మోసం చేసినవి మనకు ఇప్పుడు తెలుసు. సెల్యులాయిడ్ అందుకు పేరుమోసిన ఉదాహరణ. రంగురంగులుగా, తాబేటి చిప్పలా, ముత్యపు చిప్పలా మెరిసే ఈ తొలితరం ప్లాస్టిక్ దశాబ్దాల తర్వాత తనంతట తాను కుళ్లుతుంది. అప్పుడు వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్ల ఆవిరి తన అలుగునే కాదు, అదే పెట్టెలో పక్కన ఉన్న కత్తులను కూడా తుప్పు పట్టిస్తుంది. అలాంటి కత్తిని అంటువ్యాధి రోగిలా వేరే గాలి ఆడే చోట పెట్టాలి. తోలు ఒర కూడా తోలు శుద్ధిలో మిగిలిన రసాయనాలతో, పీల్చుకున్న తేమతో లోపలి అలుగును మెల్లగా తినేస్తుంది. పాత కత్తినీ ఒరనూ కలిపే దాచాలి, ఒకదానిలో ఒకటి పెట్టి మాత్రం కాదు. దంతపు పిడులు మరో చిక్కు. ఆఫ్రికా ఏనుగు దంతం మీద అంతర్జాతీయ నిషేధం 1990 జనవరిలో అమలులోకి వచ్చింది. దంతపు పిడి ఉన్న పాత కత్తిని దేశం దాటించాలంటే కత్తి కన్నా కాగితాలు ముఖ్యం.

ఈ నేపథ్యంలో మైకార్టా కథ గమ్మత్తైనది. వెస్టింగ్‌హౌస్ సంస్థ విద్యుత్ పరికరాల్లో కరెంటు పారకుండా అడ్డుగా వాడటానికి కాగితాన్నో బట్టనో జిగురులో ముంచి గట్టిపరిచిన పలక అది. చవక, మొండిది, అందం కోసం పుట్టినది కాదు. దశాబ్దాలు గడిచాక చూస్తే దంతం పగిలింది, సెల్యులాయిడ్ కుళ్లింది, మైకార్టా మాత్రం తేనెరంగు తేలి నిలబడింది. ఇప్పుడు ఆ పాత పలక ముక్కల కోసమే వెతికే తయారీదారులు ఉన్నారు. ఇప్పటి కత్తుల్లో కార్బన్ ఫైబర్, రెసిన్ ఎక్కించి గట్టిపరిచిన చెక్క, రంగు జిగురులో పోతపోసిన ముక్కలు మెరుస్తున్నాయి. వీటిలో ఏది మైకార్టా, ఏది సెల్యులాయిడ్ అవుతుందో యాభై ఏళ్ల తర్వాత తేలుతుంది. పిడిని అలుగుకు పట్టి ఉంచే ఎపాక్సీ మీద కూడా అంత నమ్మకం పెట్టుకోకూడదు. జిగురు మీదే ఆధారపడిన పిడి కన్నా, లోహపు మేకులు కూడా బిగించిన పిడి ముందు తరాలకు చేరే అవకాశం ఎక్కువ.

కొత్త కత్తిని ఎంచుకునే సేకర్త ఇవన్నీ లెక్కలోకి తీసుకుంటే ఆయన చూపు వెళ్లవలసిన చోటు కొంత మారుతుంది. ప్రదర్శన బల్ల మీద మఖమలు గుడ్డ పైన పరిచినవి ఎలాగూ భద్రంగానే ఉంటాయి. అవి ఇనుప బీరువాల్లోకి వెళ్తాయి, వాటి ఫోటోలు వెయ్యి చోట్ల ఉంటాయి. మన తరం కత్తులు ఎలా ఉండేవని యాభై ఏళ్ల తర్వాత అడిగేవారికి అవే కనిపిస్తాయి, మన దగ్గరికి పాత తరం ముట్టని కత్తులు వచ్చినట్టే. ఇంకో రకం కత్తి ప్రతి తయారీదారు దగ్గరా ఉంటుంది. కార్ఖానాలో పెట్టెలు విప్పడానికీ తాళ్లు కోయడానికీ మధ్యాహ్నం పండు తరుక్కోవడానికీ ఆయనే వాడుకునేది. దాని పిడి చెమటకు నల్లబడి ఉంటుంది, అలుగు మీద సాన గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి, ముద్ర కూడా కొట్టి ఉండకపోవచ్చు. అమ్మకానికి పెట్టాలన్న ఆలోచన ఆయనకు రాదు. అడిగితే నవ్వి, ఇది పాడైందండీ, కొత్తది చేసిస్తాను అంటాడు. ఒప్పించగలిగితే దాన్నే తెచ్చుకోవాలి. ఆ గీతలు తుడిచి శుభ్రం చేసి ఇస్తానని ఆయన పట్టుబడితే, వద్దని అంతకన్నా గట్టిగా పట్టుబట్టాలి.